బొరుగులు తిండి కాదనుకున్న శుక్రవారాలు

శుక్రవారం సంగతి ఎవరూ అడగరు

నర్సింగ్ పాసై గల్ఫ్‌కు పోబోయే పిల్లలు బళ్లారిలో మా ఇంటికి వస్తుంటారు. "ఒకసారి రూతమ్మ సిస్టర్ను కలిసిపో" అని చర్చిలో ఎవరో ఒకరు పంపిస్తారు. వచ్చి కుర్చీ అంచున కూర్చుని, పరీక్ష కష్టమా, హాస్టల్లో గదికి ఎంతమంది, ఎండ ఎట్లా ఉంటుంది అని అడుగుతారు. పరీక్ష చదివితే పాసవుతారు. ఎండ గురించి బళ్లారి పిల్ల అడగడం చేపపిల్ల ఈత గురించి అడిగినట్టే. ఇన్నేళ్ళలో ఒక్కరంటే ఒక్కరు "సెలవురోజు ఏం చేసేవాళ్ళు సిస్టర్?" అని అడగలేదు. నాకు తెలిసిన నర్సు పనిలో సగం నేను సెలవురోజునే నేర్చుకున్నాను. మిగతా సగం మీకు కాలేజీలో చెప్పే ఉంటారు.

నేను మస్కట్‌లో ఇరవై రెండేళ్ళు ఒకే ఆసుపత్రిలో పనిచేశాను. అందులో ఎక్కువ కాలం ఒకే సర్జరీ వార్డు. ఎప్పుడు ఏ గ్రేడు వచ్చిందో, ఎవరు సంతకం పెట్టారో నాకే సరిగ్గా గుర్తులేదు, మీకు దానితో పని లేదు. ఎక్కడ తప్పు చేశానో మాత్రం బాగా గుర్తుంది. అందులో ఒకటి చెబుతాను. అది నేను ఒక్కదాన్నే చేసిన తప్పు కాదు, మా బళ్లారి వాళ్ళందరం కూడబలుక్కోకుండానే కలిసి చేసిన తప్పు. దాన్ని వేరే ఊరివాళ్ళు చేయలేరని ఇప్పటికీ నమ్ముతాను.

అక్కడ సెలవు శుక్రవారం. మా చర్చి ఆరాధన కూడా శుక్రవారమే. మొదటిసారి ఆ మాట ఫోన్లో చెబితే మా అమ్మ, "ఆదివారం ఏం పాపం చేసిందే నీకు?" అని అడిగింది. దేవుడికి అన్ని రోజులూ ఒకటే అని నేను చెబితే, "అది నాకు తెలుసు, ఆదివారానికి తెలియాల కదా" అంది. మా అమ్మతో వాదించి గెలిచినవాళ్ళు లేరు.

రెండు సంఘాలు, ఒక సిస్టర్

మస్కట్‌లో తెలుగువాళ్ళకు ఒక సంఘం, కన్నడంవాళ్ళకు ఒక సంఘం. బళ్లారి మనిషి ఎందులో చేరాలి? తెలుగు సంఘంలో నా మాట విని, "మీది ఏ జిల్లా అండీ, మధ్యలో కన్నడం వస్తోంది" అనేవాళ్ళు. కన్నడ సంఘంలో, "మేడం ఇంట్లో తెలుగంట" అని చెవులు కొరుక్కునేవాళ్ళు. ఇద్దరికీ నేను పక్కింటి మనిషినే. మొదటి రెండేళ్ళు ఇది కొంచెం బాధపెట్టిన మాట నిజం. తర్వాత అర్థమైంది, పక్కింటి మనిషికే రెండిళ్ళ తాళాలూ ఇస్తారని.

ఉగాది ఇద్దరికీ ఒకే రోజు, హాళ్ళు మాత్రం రెండు. ఒక హాల్లో పచ్చడి తిని, మా ఆయన సామ్యేలు వ్యాను నడుపుతుంటే ఇంకో హాలుకు పోయి బేవు-బెల్ల, అదే వేపపూత-బెల్లం, తినేదాన్ని. ఏడాదికి రావలసిన చేదు నాకు రెండు వాయిల్లో వచ్చేది. క్రైస్తవురాలివి, నీకు రెండుచోట్లా ఏం పని అని ఎవరైనా అడిగితే, "గిన్నెలు తేవడానికి వస్తాండా" అనేదాన్ని. అది అబద్ధం కాదు. రెండు సంఘాల పెద్ద గిన్నెలూ మా ఇంటి వసారాలోనే ఉండేవి.

వార్డులో ఈ రెండు తాళాలు బాగా పనికొచ్చేవి. అనంతపురం మేస్త్రీ వచ్చినా, రాయచూరు వంటమనిషి వచ్చినా నన్నే పిలిచేవాళ్ళు. మూడో తాళం కూడా ఒకటుంది, మన బజార్లో నేర్చుకున్న దఖ్నీ, అంటే మన తీరు హిందీ-ఉర్దూ. మా వార్డు ఇన్‌చార్జి సలీమా సిస్టర్ ఒమానీ మనిషి, బలూచీ కుటుంబం, హిందీ వచ్చు. ఆమె హిందీ ఒక తీరు, నాది ఒక తీరు. రెండూ ఏ బడిలోనూ పాస్ కావు. కానీ ఇరవై ఏళ్ళు ఆ హిందీలోనే మేము పోట్లాడుకున్నాం, నవ్వుకున్నాం.

రోగి మాటను ఇంకో భాషలోకి చెప్పేటప్పుడు ఒక జాగ్రత్త. రోగి "ఈ డాక్టరుకు ఏమీ తెలీదు" అంటే, ఆ మాటే చెప్పండి. నేను కొత్తలో దాన్ని "కొంచెం భయపడుతున్నాడు" అని మర్యాదగా మార్చి చెప్పేదాన్ని. మర్యాద నాకు మిగిలేది, రోగి మాట మాత్రం దారిలోనే పోయేది. సలీమా సిస్టర్ ఒకరోజు పక్కకు పిలిచి, "అతను అంతసేపు చెప్పాడు, నువ్వు నాలుగు మాటల్లో ముగించావు. మిగిలింది ఎక్కడ పెట్టావు?" అని అడిగింది. అప్పటి నుంచి మొత్తం చెప్పడం మొదలుపెట్టాను. డాక్టర్లకు కోపం వచ్చింది, రోగులకు మేలు జరిగింది.

చేతులూపుకుంటూ పోకూడదు

ఆరాధన అయిపోయాక ఆసుపత్రుల్లో మనవాళ్ళెవరైనా ఉంటే చూసి రావడం మేము నలుగురైదుగురం మొదలుపెట్టాం. కాలికో నడుముకో దెబ్బ తగిలి, భాష రాక, పలకరించే మనిషి లేక పైకప్పు చూస్తూ పడుకునేవాళ్ళు చాలామంది ఉండేవాళ్ళు. క్రమంగా రెండు సంఘాల నుంచీ జనం కలిశారు. వ్యాను చాలక కార్లు వచ్చాయి. ప్రార్థన చేయమని రోగి అడిగితే చేసేవాళ్ళం, అడగకపోతే చేసేవాళ్ళం కాదు. ఆ నియమం నేనే పెట్టాను. మా చర్చిలో కొందరికి అది నచ్చలేదు, నేను మార్చలేదు.

ఇంకొకటి కూడా చెబుతాను, కోపం వస్తే రానీ. రోగి పక్కన నిలబడి ఫోటో దిగి గ్రూపులో పెట్టేవాళ్ళను నేను రెండోసారి వ్యాను ఎక్కించుకోలేదు. ఒకాయన మంచం పట్టీకి సంఘం బ్యానరు కట్టబోయాడు. ఆ రోజు నేను మాట్లాడిన భాష తెలుగో కన్నడమో నాకే తెలియదు.

ఈ గుంపుకు గుండెకాయ పద్మావతమ్మ. బళ్లారి పెద్ద బజారులో మూడు తరాలుగా బట్టల వ్యాపారం చేసే ఇంటి కోడలు. ఆమె భర్త మస్కట్‌కు వచ్చి బట్టల కొట్టు పెట్టుకున్నాడు. ఆవిడ చేతివంట తిన్న రోగి ఇంటికి పోవడానికి తొందరపడేవాడు కాదు. "రోగిని చూసేకి చేతులూపుకుంటూ పోతారా ఎవరన్నా?" అనేది. అది ఆవిడ మాటే కాదు, మా అందరి మాటా అదే. మనూళ్ళో కూడా అంతే కదా, ఆసుపత్రికి పోయేవాళ్ళ చేతిలో ఒక క్యారియర్ ఊగుతుంటేనే కాళ్ళు ముందుకు పడతాయి.

అందుకని శుక్రవారం మధ్యాహ్నం మా వార్డులోకి క్యారియర్లు ఊరేగింపుగా వచ్చేవి. పోయిన వారం ఇచ్చిన డబ్బాలు ఖాళీ అయ్యాయా లేదా అని ముందు చూసేవాళ్ళం. డబ్బా ఖాళీ అయితే వండినామెకు ఆ వారమంతా పండగే. మిగిలితే మాత్రం, "ఉప్పెక్కువైందా, ఏంది కథ?" అని రోగిని నిలదీసేవాళ్ళు. రోగి ఎట్లున్నాడన్న ప్రశ్న ఆ తర్వాతే వచ్చేది.

ఎర్రిస్వామి

ఎర్రిస్వామిది సండూరు తాలూకా చోరనూరు. సండూరు కొండల్లో ఇనుప ఖనిజం లారీలు తోలిన మనిషి. మస్కట్‌కు చాలా దూరంలో ఒక రాతి క్వారీలో టిప్పర్ డ్రైవరుగా చేరాడు. నలభై దాటిన వయసు, సన్నటి మనిషి, పెద్ద మీసం. ఒంట్లో చక్కెర జబ్బు ఉన్నట్టు అతనికి తెలియదు. బూటు ఒరుసుకుని కుడికాలి చిటికెనవేలి దగ్గర పుండైంది. కాలు మొద్దుబారి నొప్పి తెలియలేదు. పుండు ముదిరి, జ్వరం వచ్చి, మా వార్డుకు వచ్చేసరికి రెండు వేళ్ళు నల్లబడ్డాయి.

నేను వెళ్ళి, "యా ఊరప్పా మీది?" అని అడిగాను.

అతను లేచి కూర్చోబోయాడు. "అమ్మా! మనూరి మాట! చోరనూరమ్మా. మీది యాడ?"

"బళ్లారి. మా చిన్నాయన హగరిలో ఉంటాడు."

"అట్లయితే మీరు మా ఇంటోళ్ళే" అన్నాడు. చోరనూరుకూ హగరికీ ఎంత దూరమో ఇద్దరికీ తెలుసు. కానీ సముద్రం దాటాక ఆ దూరాలు లెక్కలోకి రావు.

సర్జన్ చెప్పింది సూటిగా ఉంది. రెండు వేళ్ళు ఎట్లాగూ తీయాలి. చక్కెర అదుపులోకి వస్తే అక్కడితో ఆగుతుంది. రాకపోతే పుండు మానదు, చీము పైకి పాకుతుంది, అప్పుడు చీలమండ దగ్గర పాదమే తీసేయాలి. నేను మొత్తం చెప్పాను, ఒక్క మాట కూడా మెత్తబరచలేదు.

ఎర్రిస్వామి చాలాసేపు తన పాదం వైపే చూశాడు. "వేళ్ళు పోతే పోనీలేమ్మా. పాదం పోతే బ్రేకు ఎట్ల తొక్కాల? నాకు ఇంకో పని రాదు. ఇద్దరు ఆడపిల్లలు హైస్కూల్లో ఉండారు" అన్నాడు. ఏడవలేదు. సర్జన్ వైపు తిరిగి దండం పెట్టాడు. ఆ దండాన్ని ఏ భాషలోకీ మార్చి చెప్పే పని నాకు పడలేదు.

వేళ్ళు తీశారు. ఇక చక్కెర దిగాలి. అదొక్కటే పని.

"ఏమీ తినల్యా సిస్టర్"

అతను దొరికాడని తెలియగానే మా గుంపులో ఉత్సాహం పొంగింది. మా బళ్లారి జిల్లా మనిషి! తెలుగు సంఘం, కన్నడ సంఘం పోటీ పడ్డాయి. మొదటి శుక్రవారమే బొబ్బట్ల లాంటి హోళిగలు, లడ్లు, పాయసం వచ్చాయి. "ఒక్క ముక్కకు ఏమయితాదప్పా, తిను" అని ఒక్కొక్కరు ఒక్క ముక్క పెట్టారు. మేము తొమ్మిది కుటుంబాలం. శనివారం పొద్దున అతని చక్కెర చూసి నాకు కళ్ళు తిరిగాయి.

నేను గ్రూపులో గట్టిగా రాశాను. తీపి ముట్టించడానికి వీల్లేదు, పండ్లు కూడా వద్దు, ఎవరైనా తెస్తే గేటు దగ్గరే ఆపుతాను అన్నాను. అందరూ బుద్ధిగా ఒప్పుకున్నారు. పద్మావతమ్మ ఫోన్ చేసి, "తీపి వద్దంటివి, సరే. ఉగ్గాని చేసుకొస్తాలే, లైటుగా ఉంటాది" అంది.

"ఆ, అది తెండి అక్కా" అన్నాను. నర్సును నేనే, అన్నది నేనే.

ఉగ్గాని గురించి బయటివాళ్ళకు చెప్పాలి. బొరుగులు, మరమరాలంటారు కొందరు, నీళ్ళలో ముంచి గట్టిగా పిండి, పోపులో వేసి, పుట్నాల పొడి చల్లి చేస్తాం. కన్నడంలో ఒగ్గరణె అంటారు. బళ్లారిలో పొద్దున్నే అది లేకపోతే రోడ్డు మీద మనుషులు కదలరు. సెలవుకు వచ్చి తిరిగి పోయేవాళ్ళ పెట్టెల్లో సగం బొరుగులే. పెట్టె నిండుతుంది గానీ బరువు ఉండదు. ఒకసారి మస్కట్ విమానాశ్రయంలో నా పెట్టె ఎత్తిన అధికారి అంత తేలిగ్గా వచ్చేసరికి వెనక్కి తూలబోయి, లోపల ఏముందని తెరిపించాడు. చూసి, చేత్తో కలిపి, అడుగున ఏముందోనని వెతికాడు. అడుగునా బొరుగులే.

ఆ తర్వాత శుక్రవారం ఉగ్గాని వచ్చింది. వారం మధ్యలో నోటికి కాలక్షేపంగా ఉంటుందని కారం బొరుగుల డబ్బాలు కూడా ఇచ్చిపోయారు. ఒక డబ్బా నాదే. మంచం పక్కనున్న అల్మారాలో నేనే సర్దాను.

తీపి మానేశాక చక్కెర దిగాలి. దిగలేదు. అంతకుముందు ఆ ఒక్క శనివారమే ఎక్కింది, ఇప్పుడు వారమంతా ఎక్కడం మొదలుపెట్టింది. ఇన్సులిన్ పెంచారు. రెండు రోజులు ఊరటనిచ్చి మళ్ళీ అంతే. పుండు మానడం లేదు, అంచులు తెల్లగా నానిపోతున్నాయి. సర్జన్ వచ్చి చూసి, సోమవారం వరకు ఆగుతానని, ఆ తర్వాత పాదం తీయక తప్పదని చెప్పాడు.

నాకు భయం కోపంగా మారింది. పక్కమంచం పెద్దాయనకు ఇంటివాళ్ళు ఖర్జూరాలు తెచ్చిపెట్టేవాళ్ళు. అవే దొంగచాటుగా తింటున్నాడని నిశ్చయించుకున్నాను.

"నిజం చెప్పప్పా. ఏం తింటాండావు?"

"ఆసుపత్రిలో పెట్టే ఊటనే సిస్టర్. ఇంకేమీ తినల్యా."

"ఖర్జూరం?"

"సండూరు కుమారస్వామి మీద ఆన. ముట్టల్యా."

నేను నమ్మలేదు. నలుగురూ వినేటట్టు, "నీ కాలు పోతాంటే నాకు అబద్ధాలు చెప్తాండావా?" అని అరిచాను. అతను తల దించుకున్నాడు. పెద్ద మీసం ఉన్న మనిషి అట్లా తల దించుకోవడం ఇప్పుడు గుర్తుకొచ్చినా నాకు సిగ్గుగా ఉంటుంది. పిల్లలూ, రోగి మీద అరిచిన ప్రతిసారీ మీకు తెలియనిది ఏదో ఒకటి అక్కడ ఉంటుంది. ముందు దాన్ని వెతకండి.

"ఇది దేంతో చేస్తారు?"

అది గురువారం పొద్దున. సలీమా సిస్టర్, నేను కలిసి అతని కట్టు మారుస్తున్నాం. దుప్పటి మడతలో ఏదో తెల్లగా కనిపించింది. సలీమా సిస్టర్ దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని పైకెత్తింది.

"రూత్, ఇదేంటి?"

నేను నవ్వాను. "అదేం లేదు సిస్టర్."

"ఏం లేకపోవడమేంటి, నా చేతిలో ఉంది కదా."

"అంటే, తిండి కాదు. ఊరికే నములుకునేది. గాలి."

ఆమె అల్మారా తలుపు తెరిచింది. లోపల నాలుగు స్టీలు డబ్బాలు ఉన్నాయి. మూడు ఖాళీ, నాలుగోదాంట్లో అడుగున గుప్పెడు మిగిలాయి. పోయిన శుక్రవారం నిండుగా ఇచ్చిపోయినవే.

"ఈ గాలిని దేంతో చేస్తారు?"

"బియ్యంతో" అన్నాను.

అన్నాక నా మాట నాకే వినిపించింది. నా చేతిలో కట్టుగుడ్డ అట్లాగే ఉండిపోయింది. బియ్యం. ఉడకబెట్టి, ఎండబెట్టి, వేయించి ఉబ్బించిన బియ్యం. నోట్లో వేసుకుంటే కరిగిపోతుంది, చక్కెర అయిపోవడానికి దానికి ఎంతోసేపు పట్టదు. అన్నం ఒక కప్పు కన్నా ఎక్కువ పెట్టొద్దని అతని చార్టు మీద నా చేత్తోనే రాశాను. అదే చేత్తో బొరుగుల డబ్బా లోపల పెట్టాను. నలభై ఏళ్ళ బతుకులో బొరుగులు తిండి అని నాకు ఎవరూ చెప్పలేదు. ఎర్రిస్వామికీ చెప్పలేదు. అతను దేవుడి మీద వేసిన ఆనలో అబద్ధం లేదు.

సలీమా సిస్టర్ అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. "మీవాళ్ళకు ఇతనంటే చాలా ప్రేమ. ఆ ప్రేమతో ఇతని కాలు తినేస్తున్నారు" అని, డబ్బాలన్నీ ఎత్తి నా చేతుల్లో పెట్టింది. తర్వాత సర్జన్ దగ్గరికి నన్ను వెంటబెట్టుకుని పోయి, తప్పు మాదని, వార్డుదని చెప్పింది. నా పేరు చెప్పలేదు. నేనే చెప్పాను. సర్జన్ ఇంకో పది రోజులు గడువిచ్చాడు.

పైవాళ్ళు ఎట్లుండాలో నాకు నేర్పింది ఆ పొద్దునే. తప్పు ఎవరిదో ఆమెకు తెలుసు. ముందు రోగికి పది రోజులు సంపాదించింది. నాతో మాట్లాడాల్సింది తర్వాత, తలుపు మూసి, మాట్లాడింది. అది మీకు చెప్పను.

నేను ఎర్రిస్వామి దగ్గరికి పోయి, "నిన్ను అబద్ధాలకోరు అనింటి. తప్పు నాది. క్షమించప్పా" అన్నాను. అతను కంగారుపడి, "బిడమ్మా, పోనీలే, అట్లంతా అనొద్దు" అని చేతులు అడ్డంగా ఊపాడు.

తిండి లేని శుక్రవారం

గుంపుకు చెప్పడం ఇంకా కష్టమైంది. ఆరాధన హాలు బయట అందర్నీ నిలబెట్టి చెప్పాను. ఒకాయన, "బొరుగులకు చక్కెర ఎక్కితే బళ్లారిలో ఒక్కడన్నా మిగిలింటాడా మేడం?" అని తర్కం తీశాడు. పద్మావతమ్మ ముఖం ఎర్రబడింది.

"అయితే మేము పెట్టి పెట్టి వాని కాలు పోగొడ్తాంటిమా?"

"మేము కాదక్కా, మనం. నా డబ్బా కూడా ఉండె."

ఆవిడ కాసేపు కొంగుతో ముఖం తుడుచుకుంది. "సరే. ఏమీ తేకుండా పోవాలంటావు. పోయి ఏం చేయాల? 'ఎట్లుండావు' అంటే 'బాగుండా' అంటాడు. రెండు నిమిషాల్లో మాట ఆయ్తు, అయిపోయె. మిగిలిన గంట గోడ చూడాల్నా?"

ఇది నవ్వులాటకు అన్న మాట కాదు. ఆ శుక్రవారం అది నిజంగానే జరిగింది. తొమ్మిది కుటుంబాల పెద్దలు మంచం చుట్టూ నిలబడ్డారు, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో ఎవరికీ తెలియలేదు. ఒకాయన జేబులో పెట్టుకున్నాడు, తీశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. ఒకామె దుప్పటి సరిచేసింది, ఇంకొకామె అదే దుప్పటి మళ్ళీ సరిచేసింది. పెద్ద వంటలు చేసిన చేతులవి, పాపం, దిక్కులేనివయ్యాయి.

చివరికి పద్మావతమ్మే కుర్చీ లాక్కుని కూర్చుంది. "మా మామ కాలంలో సండూరు నుంచి బట్టల బేరానికి వచ్చేవాళ్ళు. ఆ కొండల్లో లారీ తోలడం కష్టమంట కదా. ఎట్ల తోల్తాంటివప్పా?" అని అడిగింది.

ఎర్రిస్వామి మొదట నమ్మలేనట్టు చూశాడు. తర్వాత మొదలుపెట్టాడు. లోడు బండి దిగేటప్పుడు ఏ గేరు వేయాలి, వానకు ఎర్రమట్టి సబ్బులాగా ఎట్లా జారుతుంది, ఎదురొచ్చే బస్సువాడి చూపును బట్టి వాడు ఆగుతాడో లేదో ఎట్లా తెలుసుకోవాలి. చేతులతో స్టీరింగ్ తిప్పాడు. దుప్పటి కింద కట్టు కట్టిన కాలితో బ్రేకు కూడా తొక్కాడు, సలీమా సిస్టర్ దూరం నుంచి వేలు చూపించి బెదిరించింది. గంట అయిపోయింది, ఎవరికీ తెలియలేదు. అతనికి ఇన్ని మాటలు వచ్చని నాకు అప్పుడే తెలిసింది. ఎట్లా తెలుస్తుంది? అంతవరకూ అతని నోట్లో ఎప్పుడూ ఏదో ఒకటి పెడుతూనే ఉన్నాం.

ఆ పది రోజుల్లో చక్కెర దిగింది. మొదట కొంచెం, తర్వాత నిలకడగా. పుండు అంచులు ఎర్రబడ్డాయి, కొత్త కండ వస్తోందన్నమాట. నర్సులకు అంతకన్నా అందమైన రంగు లేదు. సర్జన్ వచ్చి చూసి, పాదం ఉంటుందని చెప్పాడు. నేను తెలుగులోకి మార్చేలోపలే ఎర్రిస్వామి సర్జన్ ముఖం చూసి అర్థం చేసుకుని రెండు చేతులూ ఎత్తి మొక్కాడు. సలీమా సిస్టర్ కళ్ళు తుడుచుకుని, దుమ్ము పడిందని చెప్పింది. ఆ వార్డులో దుమ్ము పడే అవకాశమే లేదు.

ఖాళీ డబ్బాలు

డిశ్చార్జికి ముందు శుక్రవారం అందరం వెళ్ళాం. ఇప్పుడు చేతుల సంగతి ఎవరూ పట్టించుకోవడం లేదు. ఒకాయన అతనికి గడ్డం గీశాడు, మీసం జోలికి పోకుండా. ఒకామె ఫోన్లో అతని కూతుళ్ళను చూపించి మాట్లాడించింది. అతను ఘాట్ దిగుతుండగా బ్రేకు పోయిన రోజు కథ చెబుతున్నాడు. అందరూ ఊపిరి బిగబట్టి వింటుంటే పద్మావతమ్మకు ఏదో గుర్తొచ్చి మధ్యలో నవ్వింది.

"అది సరేప్పా, నాకు ఒకటి చెప్పు. డబ్బాలకు డబ్బాలు బొరుగులు ఒక్క వారంలో ఎట్ల తింటివి? అంత ఆకలా నీకు?"

అతను కూడా నవ్వాడు. "ఆకలి యాడిదమ్మా. ఈడ మూడు పూట్లా పెడ్తారు కదా. గొంతు దిగేది కాదు. నీళ్ళు తాగి తాగి మింగుతాంటి."

"మరి ఎందుకు తింటివి?"

"మీరు వస్తూనే డబ్బా మూత తీసి చూస్తారు కదా. ఖాళీగా ఉంటే సంతోషపడ్తారు. నిండుగా ఉంటే, వీనికి ఇంక అక్కర్లేదు, వేరేవాళ్ళ దగ్గరికి పోదాం అనుకుంటారేమో అని" అన్నాడు. అదొక పెద్ద విషయంగా చెప్పలేదు. "క్వారీ నుంచి నాకోసం ఎవరూ రాలేరమ్మా, శానా దూరం. మీరు కూడా రాకపోతే ఎట్ల?"

బొరుగులు మంచివో చెడ్డవో అతనికి తెలియదు, మాకూ తెలియదు. కానీ ఆ మనిషి వారమంతా ఆకలి లేకుండా నీళ్ళతో మింగుతూ డబ్బాలు ఖాళీ చేసింది, శుక్రవారం మేము మళ్ళీ రావాలని.

పద్మావతమ్మ అతని చెయ్యి పట్టుకుంది. "డబ్బా కోసం వస్తామనుకుంటివా నాయనా?"

ఎర్రిస్వామి అబద్ధం చెప్పే మనిషి కాదని నాకు అప్పటికి బాగా తెలుసు.

"మొదట్లో దానికే కదమ్మా వస్తాంటిరి" అన్నాడు.

నిజమే. ఆ మాటలో కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు. చూడ్డానికి వచ్చేవాళ్ళ సమయం అయిపోయిందని వార్డులో గంట మోగింది. పద్మావతమ్మ లేవలేదు. కుర్చీని మంచానికి ఇంకా దగ్గరగా జరుపుకుంది.

"సరే, బ్రేకు పోయింది. తర్వాత ఏమయిందప్పా?"